మొదటి కాగితం మీది పసుపు

పసుపు డబ్బా కనిపిస్తే నా చూపు పక్కకు తిరుగుతుంది. ఏళ్లుగా ఇదే వరస. పండగనాడు మా ఇంట్లో గడపకు పసుపు రాస్తుంటే నేను ఏదో పని కల్పించుకుని పెరట్లోకి వెళ్లిపోతాను. నా భార్య అది బద్ధకం అనుకుంటుంది. అనుకోనిచ్చాను. బద్ధకస్తుడనిపించుకోవడం చాలా తేలిక, అసలు సంగతి చెప్పడంతో పోలిస్తే.

అసలు సంగతి ఇది. నన్ను నమ్మిన ఒక మనిషి మీద నేను రెండు అబద్ధాలు ఆడాను. ఒకటి అతని చేతి మీద, ఇంకొకటి అతని జ్ఞాపకం మీద. మొదటిది భయంతో ఆడాను. రెండోది ఎందుకు ఆడానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు, ఇంత ధైర్యంగా మొదలుపెట్టాను. మధ్యలో నసిగితే కాస్త ఓపిక పట్టండి. నాకు మొదటినుంచీ నోటి దురుసు ఎక్కువ, నిజం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుక మడత పడుతుంది.

మాది వేములపల్లి పక్కన పల్లె. గొర్లు మేపుకునే ఇల్లు. మా నాయన మా మందతో పాటు ఊళ్లో వేరేవాళ్ల గొర్లు కూడా కాసేవాడు. అట్లా కాసేటప్పుడు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి గొర్రె అయినా మేతకు పోయిన చోట చచ్చిపోతే, దాని చెవి కోసి తెచ్చి ఆసామికి చూపించాలి. గొర్రెను అమ్ముకుని చచ్చిందని అబద్ధం చెప్పడం లేదనడానికి రుజువు అది. చెవి చూపించి, ఎట్లా చచ్చిందో చెప్పి, తిట్టినన్ని తిట్లు పడి ఇంటికి వచ్చేవాడు మా నాయన. వచ్చి అన్నం తిని హాయిగా పడుకునేవాడు. ఆ హాయి ఎక్కడినుంచి వచ్చేదో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

నేను ఫిజిక్స్‌తో డిగ్రీ పూర్తిచేసి సూర్యాపేటలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. పేరు పెద్దది, పని సీసాలు కడగడం, రీడింగులు తీయడం, హైదరాబాదు నుంచి వచ్చిన సామాను మోయడం. మా నాయన మాత్రం హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ ఒకటే చెప్పేవాడు, మావోడు సైంటిస్టు అని. ఏం చేస్తున్నారని ఎవరో అడిగితే నేను చెప్పిన ఆర్గానిక్ ఎలక్ట్రానిక్స్ అన్న మాట గుర్తు తెచ్చుకుని, ఇంటికొచ్చి నన్నే అడిగాడు, "గొర్ల పెంటతోటి కరెంటు తీస్తరా ఏంది?" అని. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆర్గానిక్ అంటే ఆయనకు తెలిసింది ఎరువే మరి.

మేం చేసేది ఇది. కరెంటు పారే ఒక రకం ప్లాస్టిక్ ఉంది. దాన్ని నీళ్లలో కలిపితే ముదురు నీలం ఇంకులా ఉంటుంది. పలచటి ప్లాస్టిక్ రేకు మీద ముందుగా వెండి గీతలు, దువ్వెన పళ్లలాగా, అచ్చు వేసి ఉంటాయి. వాటి మీద ఈ నీలం ఇంకు అచ్చు వేసి ఆరబెడితే ఒక సెన్సరు తయారవుతుంది. గాలిలో తేమ పెరిగితే ఆ ఇంకులో పారే కరెంటు మారుతుంది. చిన్న డబ్బాకు తగిలిస్తే తేమ ఎక్కువైనప్పుడు ఎర్ర లైటు, సరిగా ఉన్నప్పుడు పచ్చ లైటు. అంతే. సిలికాన్ చిప్పులు, గాజు గదులు అక్కరలేదు. పేపరు అచ్చు వేసినట్టే వేయొచ్చు.

మిర్యాలగూడ రైసుమిల్లుల వాళ్లకు ఇది కావాలి. ఉప్పుడు బియ్యం బస్తాలు గోదాములో కొండలా పేర్చి పెడతారు. పైబస్తాలో చెయ్యి పెట్టి, రెండు గింజలు నమిలి తేమ చెప్పేస్తారు వాళ్లు. కాని అట్లా పేర్చిన నిట్టు నడుమ ఉన్న బస్తాలోకి చెయ్యి పోదు. అక్కడ చెమ్మ చేరితే బియ్యం పచ్చబడి, వాసనొచ్చి, పురుగు పట్టినాకే బయటపడుతుంది. మా సెన్సరు పట్టీ బస్తాల నడుమ పెడితే ముందే తెలుస్తుంది. మా ప్రాజెక్టు నడిపే మేడం హైదరాబాదు మనిషి, మాట తక్కువ. పెద్ద మిషన్లు కొనే స్తోమత ప్రాజెక్టుకు లేదని ఆమెకు తెలుసు. స్క్రీన్ ప్రింటింగ్ బాగా వచ్చిన మనిషిని వెతకండి, మిగతాది నేను చూసుకుంటాను అంది.

వెతికితే కోదాడలో దొరికాడు నాగభూషణం బాబాయ్. చుట్టరికం లేదు, నేనే అట్లా పిలిచేవాణ్ణి. పెళ్లికార్డులు అచ్చువేసే చిన్న షాపు. చెక్క చట్రానికి సన్నటి వల బిగించి, దాని మీద ఇంకు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగేవాడు. అక్షరం అంచు కత్తితో కోసినట్టు వచ్చేది. ఆయన లాగుతుంటే పిన్ని, అంటే ఆయన భార్య, కార్డులు తీసి తీగల మీద ఆరబెట్టేది. కాని అప్పటికే విజయవాడ నుంచి ఆఫ్‌సెట్ కార్డులు దిగుతున్నాయి. మెరిసే కాగితం, బంగారు రంగు దేవుళ్లు. బాబాయ్ షాపుకు వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు. మా పని ఆయనకు దేవుడు పంపినట్టు అనిపించింది. పెళ్లిళ్లకు సీజనుంటది, మిల్లులకు సీజనేముంది అనేవాడు. వెనక గదికి సున్నం వేయించాడు, కిటికీకి సన్న జాలీ కొట్టించాడు, చెప్పులు బయట విడవమని పిన్నికి కూడా చెప్పాడు. ఇక ఆ గదిలోకి వెళ్లాలంటే నాక్కూడా గుళ్లోకి వెళ్లినట్టే ఉండేది.

ఆయనకొక అలవాటు. శుభలేఖ ఏదైనా, మొదటి కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టిగాని రెండోది తియ్యడు. పెళ్లివాళ్లు ఎట్లాగూ ఇంటికి తీసుకెళ్లి పెడతారు కదా అంటే, అది వాళ్ల పసుపు, ఇది నా పసుపు అనేవాడు. మా సెన్సర్ల మొదటి విడత అచ్చు వేసేరోజున మేడం రాలేదు, నేనే ఉన్నాను. మొదటి రేకు లాగి, ఆరబెట్టి, ఆయన పసుపు డబ్బా చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

పెట్టనా బాబూ అని అడిగాడు. ఆయన అడిగాడు, అది గుర్తుంచుకోండి.

నేను నవ్వాను. "పెట్టు బాబాయ్. మిల్లు సేటుకు ఇది శుభలేఖే గదా" అన్నాను. మూలల్లో పసుపు ఎక్కడ, నడుమనున్న నీలం ఇంకు ఎక్కడ. ఏమీ కాదని నాకు తెలుసు. ఏమీ కాలేదు కూడా. ఆ విడత పట్టీలన్నీ ముక్కలుగా కోసి, ఇంకు మీద మాత్రం గాలి తగిలేట్టు కన్నం వదిలి, ఐడీ కార్డుకు వేసినట్టు ల్యామినేషన్ వేసి మిర్యాలగూడ తీసుకెళితే బ్రహ్మాండంగా పనిచేశాయి. సేటు స్వయంగా తడి గుడ్డ దగ్గర పెట్టి చూశాడు. ఎర్ర లైటు వెలగ్గానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

రెండో విడత పెద్దది. ఆ మిల్లులో అన్ని నిట్లకూ, పక్క మిల్లులకూ. అది సరిగా వస్తే అచ్చు పని మొత్తం కోదాడలోనే అని, నా ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని మేడం మాట ఇచ్చింది. ఇద్దరి బతుకులూ ఆ ఒక్క సీసా ఇంకు మీద ఉన్నాయి. బాబాయ్‌ది, నాది.

ఆ ఇంకును చల్లగా ఉంచాలి. గడ్డ కట్టనీయకూడదు. మేడం ఆ రెండు ముక్కలూ కలిపే చెప్పింది, నేను తల కూడా ఊపాను. కాని అది ఎండాకాలం. సూర్యాపేటలో ఎండ ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కరెంటు పొద్దుటే పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. ల్యాబు ఫ్రిజ్ తెరిస్తే లోపలినుంచి వేడిగాలి కొట్టేది. అదే సమయంలో హాలియాలో మా మేనమామ కూతురి పెళ్లి. పోకపోతే బతకనివ్వరు. బస్టాండు దగ్గర నా దోస్తుకు ఐస్‌క్రీం పార్లరు ఉంది, జనరేటరు ఉంది. సీసా తీసుకెళ్లి వాడి డీప్ ఫ్రీజర్లో కప్పుల పక్కన పెట్టాను. చల్లగా ఉంచమన్నారు కదా, ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిదే కదా అనుకున్నాను. మా ఇళ్లలో అంతే, ఎండాకాలం ఏది కాపాడాలన్నా ఐసులో పెట్టడమే. చదివిన చదువు ఎక్కడికి పోయింది? పెళ్లి భోజనాల్లో కలిసిపోయింది.

తిరిగొచ్చేసరికి సీసా రాయిలా ఉంది. ఎండలో పెట్టాను. కరిగింది. కరిగాక చూస్తే విరిగిన పాలలా పలుకులు పలుకులు. అప్పుడు నాకు అర్థమైంది. అర్థం కాలేదని మీకు చెప్పాలని ఎంత ఉందో! కాని ఇక్కడ కూడా అబద్ధమాడితే ఇంక ఈ రాతంతా దేనికి? అర్థమైంది. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. మేడం తిట్టేది, కొత్త సీసా వచ్చేది, పని కొన్నాళ్లు ఆగేది. నేను ఫోను చేయలేదు. సన్న గుడ్డలో వడగట్టాను. పలుకులు పోయాయి, పైకి నున్నగా కనిపించింది. ఇంకేం, బాగానే ఉంది అని నాకు నేనే చెప్పుకుని కోదాడ బస్సెక్కాను.

బాబాయ్ సీసా తీసుకుని వెలుతురులో ఎత్తి కూడా చూడలేదు. "నువ్వు తెచ్చావంటే ఇంక చూసేదేముంది" అన్నాడు. మొదటి రేకుకు పసుపు పెట్టాడు. సాయంత్రం వరకు ఆపకుండా లాగాడు. ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడంటే, పిన్ని చేత నాకు పెసరట్టు వేయించాడు.

మిర్యాలగూడలో ఆ పట్టీలు నానా గోల చేశాయి. ఎండు బియ్యం దగ్గర ఎర్ర లైటు. తడి గోనె దగ్గర పచ్చ లైటు. కొన్ని అసలు వెలగనే లేదు. ఎర్ర లైటు నమ్మి సేటు హమాలీల చేత ఒక నిట్టు మొత్తం దింపించి, ఏమీ లేక మళ్లీ పేర్పించాడు. ఆయన మేడంకు ఫోను చేసి తిట్టిన తిట్లు ఆమె నాకు చెప్పలేదు గాని, ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. మర్నాడే ఇద్దరం కోదాడ వెళ్లాం.

ఇక చెప్పాల్సింది ఇదే. దీని చుట్టూనే ఇంతసేపూ తిరుగుతున్నాను.

వెనక గదిలో మేడం, బాబాయ్, పిన్ని, నేను. మేడం ఒక్కొక్కటే అడుగుతోంది. వల మార్చారా, ఎండబెట్టిన వేడి ఎంత, చేతులు దేనితో కడిగారు. బాబాయ్ అన్నిటికీ తడబడకుండా చెప్పాడు. అప్పుడామె నా వైపు తిరిగింది. "ఇంకు సరిగానే ఉంచావు కదా?" అంది.

"ఉంచాను మేడం" అన్నాను. నా కళ్లు గదిలో ఎక్కడైనా తలదాచుకోవాలని వెతికాయి. బల్ల మీద పసుపు డబ్బా ఉంది. "ఇక్కడ పసుపు వాడతారు మేడం. పొడి గాల్లో లేస్తుంది. ఇంకులో పడి ఉంటుంది" అన్నాను.

మేడం డబ్బా వైపు చూసింది. బాబాయ్ కూడా చూశాడు, అది ఎప్పుడూ చూడని వస్తువైనట్టు.

"నా పసుపు వల్లనా?" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. కోపంగా కాదు. అడిగే చూపు. "ఏందయ్యా, ముందే చెప్తే మానేసేవాణ్ణి గదా. నువ్వే పెట్టమన్నట్టు నాకు గుర్తు."

ఆ క్షణంలో నేను ఆగిపోయి ఉండొచ్చు. పెట్టమన్నాను, తప్పు నాదే అని ఉండొచ్చు. అట్లా అన్నా అది సగం నిజమే అయ్యేది, కనీసం ఆ సగమైనా ఆయనకు మిగిలేది.

"వద్దని చెప్పాను బాబాయ్. మీరే మర్చిపోయారు" అన్నాను.

 ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. వాటి గోళ్ల సందుల్లో ఇంకా పసుపు ఉంది. "అట్లనా" అన్నాడు చివరికి. "చెప్పే ఉంటావులే. ఈ మధ్య నాకు..." అని ఆగిపోయి, మేడం వైపు తిరిగి చేతులు జోడించాడు. "తెలియక చేసిన పొరపాటమ్మా. నావల్లే అయ్యుంటది."

అంతే. కోదాడలో అచ్చు ఆపేశారు. ప్రాజెక్టు కొన్నాళ్లు ఈడ్చుకుంటూ నడిచి, తర్వాత హైదరాబాదులోనే ఆగిపోయింది. నాకు ఉద్యోగం దొరికింది. ల్యాబులో నేర్చిన పనితోనే తేమ కొలిచే మీటర్లు అమ్మే కంపెనీలో సర్వీసు ఇంజినీరునయ్యాను. మా నాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆయన పక్కన కూర్చుని అన్నం తింటుంటే నాకు ఒకటే తోచేది. నేను చచ్చిన గొర్రెను వేరేవాడి వాకిట్లో పడేసి వచ్చాను. చెవి చూపించలేదు.

ఒక్కసారి మళ్లీ ఆ షాపుకు వెళ్లాల్సి వచ్చింది, ప్రాజెక్టు చట్రాలు తెచ్చుకోవడానికి. ముందు గదిలో పిన్ని ప్రతి కార్డు వేలు పెట్టి చదువుతోంది. కొనేవాళ్లు వస్తే వివరాలన్నీ ఆమే రాసుకుంటోంది. బాబాయ్ వెనక నిలబడి ఉన్నాడు. పసుపు డబ్బా పై అలమరలో, చెయ్యి అందనంత ఎత్తున ఉంది. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "నాకు మతిమరుపు మొదలైంది బాబూ" అన్నాడు, ఎవరికో జ్వరమని చెప్పినట్టు. "నీకు తెలుసుగా. పసుపు దగ్గరే అది బయటపడింది. అప్పటినుంచి అన్నీ మీ పిన్నే చూసుకుంటంది. నేను ఒప్పుకున్న ఆర్డరు నమ్మలేకపోతున్నా." నేను టీ తాగాను. అవును, మొత్తం తాగాను. గ్లాసు కింద పెట్టి, డాక్టరుకు చూపించుకో బాబాయ్ అని సలహా కూడా ఇచ్చాను. మనిషి ఇంత దిగజారతాడా అని మీరు అనుకుంటున్నారేమో. నేనూ అనుకున్నాను, బస్సెక్కిన తర్వాత.

ఆ తర్వాత విజయవాడ వైపు వెళ్లినప్పుడల్లా కోదాడ వచ్చేసరికి కళ్లు మూసుకుని నిద్ర నటించేవాణ్ణి. బస్టాండులో ఆయన కనిపిస్తాడని కాదు. కనిపించకపోయినా సరే, ఆ ఊరు నన్ను చూస్తుందని.

తెలంగాణ వచ్చిన ఏడాది పని మీద మిర్యాలగూడ వెళ్లాను. అదే మిల్లు. సేటు నెరిసిపోయాడు గాని గొంతు అట్లాగే ఉంది. కొత్త మీటరు బిగిస్తుంటే ఆయన నవ్వి, "నీ కొత్త మిషిని సంగతి తర్వాత. పాతది ఇంకా నడుస్తాంది, సూస్తవా?" అని గోదాములోకి తీసుకెళ్లాడు.

గోడకు, స్తంభం పక్కన, ఒక చిన్న డబ్బా. పచ్చ లైటు. దానికింద ల్యామినేషన్ వేసిన పట్టీ. "రెండోసారి తెచ్చినయి ఉత్త బేకార్. పారేసినం. గిది మొదటిది. బ్యాటరీలు మార్చుకుంట నడిపిస్తున్న. జర మెల్లగ అయింది గాని, ముసురు పట్టిన్నాడు ఇప్పటికీ ఎర్రగయితది" అన్నాడు సేటు.

దగ్గరికి వెళ్లి చూశాను. పట్టీ ఒక మూల ల్యామినేషన్ లోపల లేత పసుపు మరక. బొటనవేలి అచ్చు. మొదటి రేకు మూల ముక్క అది. ఆయన పసుపు పెట్టిన రేకు, ఆయన వేలిముద్రతో సహా, ఆరేళ్లుగా ఆ గోడ మీద పనిచేస్తూనే ఉంది. నా అబద్ధం అన్నాళ్లూ అందరి కళ్లముందే గోడకు వేలాడింది. చదివేవాళ్లు లేకపోయారు.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను. తర్వాత స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను. సేటు కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు. ఎండ దెబ్బ అనుకున్నాడు పాపం. ఆ డబ్బా, పట్టీ నాకు ఇవ్వండి, దీని చోట కంపెనీకి చెప్పి మంచి మీటరు పెట్టిస్తాను అన్నాను. దేనికి అని అడిగాడు. ఒకాయనకు చూపించాలి అన్నాను. అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు, సంచీలో చెవి వేసుకుని ఆసామి ఇంటికి నడిచే మా నాయన.

ముందు మేడంకు ఫోను చేశాను. ఫ్రీజరు దగ్గరినుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను.  తర్వాత ఆమె ఒకటే అడిగింది, ఆయనకు చెప్పావా అని. లేదన్నాను. "మరి నాకెందుకు ముందు చెప్పావు?" అంది.  పెద్దవాళ్ల దగ్గర ఒప్పుకోవడం తేలిక కాబట్టి అని ఇప్పుడు తోస్తోంది. ఫోను పెట్టేముందు ఆమే చెప్పింది, ఆ అచ్చు సెన్సర్ల పని మళ్లీ మొదలుపెడుతున్నామని, ఇప్పుడు ఇంకులు మెరుగయ్యాయని, ఆ పట్టీ ఇన్నేళ్లు నిలిచిందంటే అచ్చు వేసిన చెయ్యి తనకు కావాలని. నా గురించి ఏమీ అనలేదు. అదీ సబబే.

కోదాడలో షాపు అక్కడే ఉంది. బోర్డు వెలిసిపోయింది. మధ్యాహ్నం, జనం లేరు. పిన్ని లోపల వంటలో ఉంది. బాబాయ్ కుర్చీలో కూర్చుని ఖాళీ చట్రం తుడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. ఆ క్షణానికి తనే నొచ్చుకుని, "చూశావా, నా తల" అన్నాడు. 

డబ్బా బల్ల మీద పెట్టాను. పచ్చ లైటు. పట్టీ ఆయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని దగ్గరికి పట్టుకుని చూశాడు. మూల మీద మరక కనపడగానే ఆయన బొటనవేలు తనంతట తానే వెళ్లి దాని మీద ఆనింది. ఊదండి బాబాయ్ అన్నాను. నోటిగాలి వదిలాడు. కాస్త ఆగి లైటు ఎర్రబడింది. మరి కాస్త ఆగితే మళ్లీ పచ్చబడింది. ఇంకోసారి ఊదాడు, అడగకుండానే.

"ఇది మొదటిది. పనిచేస్తంది" అన్నాడు.

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోబుద్ధి కాలేదు. సీసా గడ్డకట్టడం, వడగట్టడం, పసుపు మీద తోసేయడం. ఆయన అన్నీ విన్నాడు. మొహంలో ఏమీ మారలేదు. ఇక రెండో సంగతి మిగిలింది.

"వద్దని నేను చెప్పలేదు బాబాయ్."

ఆయన చట్రం పక్కన పెట్టాడు.

"నువ్వు పెట్టమన్నావు" అన్నాడు మెల్లగా, చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు. "నవ్వావు కూడా. సేటుకు శుభలేఖే గదా అన్నావు."

"అన్నాను."

"శుభలేఖే గదా అన్నావు. నాకు గుర్తుంది." లేచి నిలబడ్డాడు. లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమే! ఇటు రా. నాకు గుర్తుందంట. నేను మర్చిపోలేదంట!"

పిన్ని తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన చెప్పింది విన్నది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నా మీదే ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఈసారి టీ అని ఎవరూ అనలేదు.

మేడం మాటగా కొత్త పని సంగతి కూడా చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆమె నంబరు ఇచ్చి పో. ఆమెతో నేను మాట్లాడుకుంటా. నువ్వు నడుమ వద్దు." నేను చీటీ మీద రాసి బల్ల మీద పెట్టాను. క్షమించమని అడగాలనుకుని వచ్చాను. అడగలేదు. ఆ మాట అడగడం కూడా ఆయన దగ్గర ఇంకొకటి తీసుకోవడమే అనిపించింది. ఆయన కూడా ఇచ్చేట్టు లేడు. ఆ ఇవ్వకపోవడం ఆయన హక్కు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఎవరో పెళ్లివాళ్లు వచ్చారు, తండ్రీ మేనమామా. పిన్ని అలవాటుగా పెన్ను కోసం వెళ్లబోయింది. బాబాయ్ ఆమెను ఆపాడు. "ఉండవే. చెప్పండయ్యా, నాకు గుర్తుంటది" అన్నాడు. వాళ్లు వరుడి పేరు, వధువు పేరు, తాతల పేర్లు, ముహూర్తం, ఫంక్షన్ హాలు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశారు. ఆయన కళ్లు మూసుకుని విని, ఒక్కటీ తప్పకుండా తిరిగి అప్పజెప్పాడు. గొంతు కాస్త వణికింది. చివరికి వచ్చేసరికి వణుకు పోయింది. పిన్ని స్టూలు లాక్కొని ఎక్కి పై అలమర వైపు చెయ్యి చాపింది.

ఆమె ఏం దింపిందో చూడడానికి నేను ఆగలేదు. బస్టాండుకు నడిచి సూర్యాపేట బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. నా తప్పు నా దగ్గరే ఉంది, తేలికవలేదు. కాని ఇప్పుడది దాని అసలు చోట ఉంది, వేరేవాళ్ల ఇంట్లో లేదు. బస్సు ఊరు దాటేదాకా కళ్లు తెరిచే కూర్చున్నాను.